నిలబెట్టిన బ్రష్‌లు: ఒక నెయిల్ స్టూడియో కేస్ స్టడీ

వైశాఖంలో ఒక గురువారం సాయంత్రం. గాజువాక నుంచి వచ్చిన పెళ్లికూతురి చిటికెన వేలి మీద యాక్రిలిక్ (పౌడర్, లిక్విడ్ కలిపి గోరు మీద పెట్టే, గట్టిపడే పూత) సర్దుతుంటే బ్రష్‌లోంచి ఒక వెంట్రుక ఊడి అందులో ఇరుక్కుంది. తీసేలోపే గట్టిపడిపోయింది. గోరు పగిలినట్టు సన్నటి గీత కనిపిస్తోంది. అంతా అరగదీసి (ఫైల్ చేసి), ఆ వేలికి మొదటి నుంచి చేశాను. ఇరవై నిమిషాలు పోయాయి. వాళ్లమ్మగారు ఫోన్‌లో టైమ్ చూసుకుంటూనే ఉన్నారు, మర్నాడు రాత్రికే ముహూర్తం. పెళ్లికూతురు మాత్రం "మొదటిది కూడా బానే ఉంది కదక్కా, ఎవరు చూస్తారు" అంది. మంచి పిల్ల.

వాళ్లు వెళ్లాక బ్రష్‌ని లైటు కింద పెట్టి చూశాను. కొన పాము నాలుకలా రెండుగా చీలి ఉంది. వెంట్రుకలు మెటల్ గొట్టంలోకి దిగే చోట ఉల్లిగడ్డలా ఉబ్బు. మాఘం నుంచి అప్పటికి ఇలా పోయిన బ్రష్‌లలో అది నాలుగోది. ఒక్కోటీ 2,800 రూపాయలు. డబ్బు ఒక బాధ, అసలు టెన్షన్ వేరే ఉంది. కొన చీలిన బ్రష్‌తో క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే చర్మం) దగ్గర పూతని సన్నగా లాగడం కుదరదు. అక్కడ అంచు మందంగా మిగిలిపోతుంది, పది రోజుల్లో లిఫ్టింగ్, అంటే పూత గోరు నుంచి లేవడం, మొదలవుతుంది. ఆ నెలల్లో "అక్కా, గోరు లేస్తోంది" అని వెనక్కి వచ్చినవాళ్లు అంతకుముందు కంటే ఎక్కువే. ప్రైమర్ (పూతకి ముందు గోరుకి రాసేది) మార్చాను, గోరు ఆరబెట్టే పద్ధతి మార్చాను. చేతిలో ఉన్న బ్రష్ మీదకి మాత్రం ఆలోచన పోలేదు.

మా స్టూడియో విశాఖ ఎం.వి.పి. కాలనీలో. ఒకే గది, మూడు టేబుళ్లు, షట్టరు పడమటి వైపు. నాతో ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. పెద్దమ్మాయి పని నేర్చుకుని వచ్చింది. చిన్నమ్మాయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా దగ్గరే నేర్చుకుంది. అంతకుముందు నేను పార్లర్‌లో పెళ్లికూతుళ్లకి మెహెందీ పెట్టేదాన్ని. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తప్పు ఆ పార్లర్ అలవాటులోంచే వచ్చింది.

ముందు ఎవరెవరి మీద అనుమానపడ్డాను

మొదట సరుకు నకిలీదేమో అనుకున్నాను. యాక్రిలిక్‌కి వాడే మంచి బ్రష్‌లు కొలిన్‌స్కీ వెంట్రుకలతో చేస్తారు. సైబీరియా, ఉత్తర చైనా వైపు చలి ప్రాంతాల్లో ఉండే వీజల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుకలవి. మధ్యలో లావుగా ఉండి కొనకి వచ్చేసరికి సూదిలా సన్నబడతాయి. అందుకే పొట్టలో లిక్విడ్ నిలుస్తుంది, కొన మాత్రం పదునుగా ఉంటుంది. సింథటిక్ వెంట్రుక నున్నగా ఉంటుంది కాబట్టి లిక్విడ్‌ని అంత పట్టుకోదు. రాలిన వెంట్రుక ఒకటి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. (లిక్విడ్ సీసాలన్నిటికీ దూరంగా, బయట మెట్ల మీద.) కరిగి ముద్దయితే ప్లాస్టిక్. ఇది జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదయింది. కనీసం జంతువు వెంట్రుకే.

ఇక్కడ ఒక మాట. "నేచురల్ హెయిర్" అని మరీ చవగ్గా దొరికే బ్రష్‌ల జోలికి పోకండి. మన దేశంలో ముంగిస వెంట్రుకలతో బ్రష్‌లు చేసి అమ్మేవాళ్లు ఇంకా పట్టుబడుతూనే ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బిల్లు లేకుండా కొంటే తర్వాత సమాధానం చెప్పుకోవలసింది మనమే.

రెండో అనుమానం సముద్రం మీద. విశాఖలో ఏ వస్తువు పాడైనా ముందు ఉప్పుగాలినే తిట్టుకుంటాం. మా వీధిలో ఏటా రంగు వెయ్యని గేటు తుప్పు పట్టకుండా ఉండదు. వేసవిలో ఉక్కకి పౌడర్ మూత తియ్యగానే తడి పీల్చేస్తుందేమో అనిపిస్తుంది. కానీ చచ్చిన నాలుగు బ్రష్‌ల గొట్టాల మీదా తుప్పు చుక్క లేదు. ఒకటైతే మాఘంలోనే పోయింది, అప్పుడు విశాఖలో గాలి పొడిగా, హాయిగా ఉంటుంది. సముద్రాన్ని వదిలిపెట్టాను. కొంచెం నిరాశగానే.

మూడోది లిక్విడ్. మన మార్కెట్లో చవక లిక్విడ్‌లలో మిథైల్ మెథాక్రిలేట్ ఉండొచ్చని ఈ పనిలో ఉన్న అందరికీ భయమే. నెయిల్స్‌కి దాన్ని వాడటం వల్ల గోళ్లు దెబ్బతిన్నాయని, అలర్జీలు వచ్చాయని ఫిర్యాదులు రావడంతో 1970లలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్.డి.ఎ.) అలాంటి సరుకు మీద చర్యలు తీసుకుంది. మంచి కంపెనీలు ఇథైల్ మెథాక్రిలేట్ వాడతాయి. మా సీసా మీద ఇథైల్ అనే ఉంది. నమ్మకం కుదరక ప్లాస్టిక్ టిప్ (అతికించే గోరు) మీద ఒక గోరు చేసి, ఆరాక అసిటోన్‌లో నానబెట్టాను. మెత్తబడి పొరలుగా వచ్చేసింది. మిథైల్‌తో చేసినది అంత తేలిగ్గా లొంగదు. ఇదేమీ ల్యాబ్ పరీక్ష కాదు కానీ నా అనుమానం తీరడానికి చాలింది.

మూడు అనుమానాలూ పోయాయి, బ్రష్‌లు ఎందుకు పోతున్నాయో మాత్రం తెలియలేదు. ఒక్క ఆధారం మిగిలింది. మొదటి బ్రష్ పోవడానికి చాలా నెలలు పట్టింది. ఎండలు ముదిరేకొద్దీ ఒక్కోటి ముందుదాని కంటే త్వరగా పోయింది. అంటే చంపేది ఏదైనా వేడికి జోరందుకుంటోంది.

ఆషాఢంలో కోత

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, మధ్యాహ్నాలు ఖాళీ. చచ్చిన నాలుగిట్లో ఒకదాన్ని ముక్కు పటకారుతో, చిన్న రంపంతో నిలువుగా కోశాం. చిన్నమ్మాయి పట్టుకుంది, నేను కోశాను. గొట్టం రేకు విప్పగానే లోపల వెంట్రుకల మొదళ్ల చుట్టూ పసుపు తిరిగిన గట్టి ముద్ద కనిపించింది. కందిగింజంత ఉంటుంది. గోటితో నొక్కితే కదల్లేదు.

"ఏటక్కా ఇది, రాయిలాగుంది" అంది చిన్నమ్మాయి.

గోళ్ల మీద మేం పెట్టే యాక్రిలికే అది. కొన ఏ రోజుకారోజు తుడిచేసరికి శుభ్రంగానే కనిపిస్తోంది. మొదట్లో మాత్రం రోజుకో పొర చొప్పున ఇది పేరుకుంది. ముద్ద పెరిగేకొద్దీ వెంట్రుకల్ని మొదట్లోనే పక్కలకి తోసింది, దాంతో కొన చీలింది. జిగురు పట్టు వదిలిన చోట వెంట్రుకలు రాలాయి.

అదే వారం మాకు రెగ్యులర్‌గా వచ్చే ఒక దంత వైద్యురాలు రీఫిల్‌కి (గోరు పెరిగిన చోట మళ్లీ పూత నింపించుకోవడానికి) వచ్చారు. కోసిన బ్రష్ చూపిస్తే నవ్వారు. "ఇది మా సామానేనండీ. పౌడర్, లిక్విడ్ కలిపి చేసే సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్, అంటే దానంతటదే గట్టిపడేది. తాత్కాలిక క్యాప్‌లకీ, కట్టుడు పళ్ల రిపేర్లకీ మేం వాడతాం. బ్రష్‌ని లిక్విడ్‌లో ముంచి పౌడర్‌లో అద్ది పూసలా తీసుకోవడం ఉందే, దాన్ని మేం నీలన్ టెక్నిక్ అంటాం" అన్నారు. నేను నోరు తెరుచుకుని విన్నాను. మేం బీడ్ తియ్యడం అని రోజుకి వందసార్లు చేసే పనికి డెంటల్ కాలేజీలో పేరుంది! ఈ గోళ్లు కూడా 1950లలో అమెరికాలో ఒక దంత వైద్యుడు విరిగిన తన గోరుకి పళ్ల యాక్రిలిక్ పెట్టుకోవడంతో మొదలయ్యాయని చెబుతారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పౌడర్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్ కొద్దిగా ఉంటుంది. లిక్విడ్‌లో దాన్ని కదిలించే అమీన్ ఒకటి ఉంటుంది. సీసాలోనే గట్టిపడకుండా హైడ్రోక్వినోన్ లాంటిది చిటికెడు కలుపుతారు. పౌడర్, లిక్విడ్ తాకగానే పని మొదలవుతుంది, ఇక ఆగదు. వేడికి వేగం పెరుగుతుంది. గాలి తగిలే చోట మాత్రం నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఆక్సిజన్ దానికి అడ్డు. నాకు ఈ చివరి మాట దగ్గర దీపం వెలిగింది. బ్రష్ కొనకి గాలి తగులుతుంది, మేం తుడుస్తాం కూడా. గొట్టం లోపల గాలీ ఆడదు, తుడవడానికీ కుదరదు. యాక్రిలిక్ సెట్ అవడానికి అంతకంటే అనువైన చోటు మా స్టూడియో మొత్తంలో లేదు.

మరి అక్కడికి ఎలా చేరింది? నా టేబుల్ మీద మెరిసే పారదర్శకమైన స్టాండ్ ఒకటి ఉంది. మెహెందీ రోజుల నుంచీ మేకప్ బ్రష్‌లు అందులో కొన పైకి పెట్టి నిలబెట్టడం అలవాటు. ఫోటోల్లో అందంగా ఉంటుంది, కొన నలగదు. యాక్రిలిక్ బ్రష్‌లు కూడా సాయంత్రం తుడిచి, ఇంకా తడిగా ఉండగానే అందులో నిలబెట్టేదాన్ని. మిగిలిన లిక్విడ్, అందులో కరిగిన పౌడర్‌తో సహా, రాత్రంతా నెమ్మదిగా కిందికి, గొట్టంలోకి దిగేది. షట్టర్ వేసేశాక గదికి ఏసీ లేదు. సాయంత్రమంతా పడమటెండకి కాగిన షట్టరు రాత్రి చాలాసేపటి వరకూ వేడి వదులుతూనే ఉంటుంది. పగలు మేం పనిచేస్తే రాత్రి ఆ ముద్ద పనిచేసింది.

నీటిరంగులు వేసే ఒక కస్టమర్‌కి ఇది చెప్తే, "మాకు మొదటి క్లాసులోనే చెప్తారండీ, తడి బ్రష్ నిలబెట్టకూడదని" అన్నారు. వాళ్లకి నీళ్లు దిగి జిగురు వదులుతుంది, కర్ర ఉబ్బుతుంది. మాకు ఏకంగా రాయే పెరుగుతుంది.

అసిటోన్ సంగతి

కోసింది చూశాక అమ్మాయిలిద్దర్నీ కూర్చోబెట్టి, రోజూ చివర్లో బ్రష్ ఎలా కడుగుతున్నారో చేసి చూపించమన్నాను. పెద్దమ్మాయి లిక్విడ్‌తోనే కడుగుతోంది. చిన్నమ్మాయి చిన్న గిన్నెలో అసిటోన్ పోసి, బ్రష్ ముంచి, కాగితం మీద ఇటూ అటూ రుద్దింది. చాలా శ్రద్ధగా. "అలా ఎవరు చెప్పారే?" అంటే "మీరే కదక్కా" అంది.

నిజమే. మొదటి నెలలో ఆమె బ్రష్‌లో గట్టిపడిన పూస ఒకటి ఇరుక్కుంటే, కస్టమర్ ఎదురు చూస్తున్నారని, నేనే అసిటోన్‌లో ముంచి తీసి ఇచ్చాను. ఒక్కసారి కోసం చేసిన పని ఆమెకి రోజువారీ పద్ధతైపోయింది.

అసిటోన్ గట్టిపడిన యాక్రిలిక్‌ని జిగటగా మారుస్తుంది. ఆ జిగట వెంట్రుకల మధ్య ఇంకా లోపలికి పోతుంది. అసిటోన్ నిమిషంలో ఆవిరైపోతుంది, జిగట అక్కడే పొరగా మిగులుతుంది. పైగా వెంట్రుకలోని సహజమైన నూనె పోతుంది. తలకి నూనె లేని జుట్టులా గరుకుగా, పెళుసుగా అవుతుంది. గొట్టంలో వెంట్రుకల్ని పట్టుకునే జిగురుకి కూడా అది మంచిది కాదు. సబ్బు, నీళ్లు ఇంకో రకం ఇబ్బంది. వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బుతుంది, మన గాలికి లోపలి తడి త్వరగా ఆరదు. లిక్విడ్, నీళ్లు సరిగ్గా కలవవు కాబట్టి మర్నాడు పూస ఒకటి నీరుగా, ఒకటి ముద్దగా వస్తుంది. ఏ లిక్విడ్‌తో పనిచేశామో దానితోనే కడగాలి. మిగతా ద్రావకాలన్నీ గోళ్లు తీసెయ్యడానికి.

మూడు బ్రష్‌ల పరీక్ష

నేను అనుకున్నది నిజమో కాదో తేలాలి కదా. ఒకే బిల్లు మీద ఒకే సైజు, పదో నంబరు బ్రష్‌లు మూడు కొన్నాను. పిడుల మీద నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాం: ఎరుపు, తెలుపు, నీలం. మూడిట్నీ నేనే వంతులవారీగా వాడాను, మూడిట్నీ లిక్విడ్‌తో ఒకేలా కడిగాను. తేడా రాత్రి పడుకునే భంగిమలోనే. ఎరుపు పాత స్టాండ్‌లో నిలబడింది. తెలుపు టేబుల్ మీద బల్లపరుపుగా పడుకుంది. నీలం కొన కొద్దిగా కిందికి వాలి, దేనికీ తగలకుండా ఉంది. కస్టమర్లు తక్కువున్న రోజుల్లో ప్రాక్టీస్ కోసం పెట్టుకున్న బొమ్మ చెయ్యి మీద గోళ్లు చేసి వాడకం సరిపెట్టాం.

పదిహేడో రోజున ఎర్ర చుక్క బ్రష్ కొన విడిపోవడం మొదలైంది. నొక్కితే కలుస్తుంది, పూస తియ్యగానే మళ్లీ విడిపోతుంది. నెలకి గొట్టం మొదట్లో వేలికి గట్టిగా తగిలింది. కోశాం. కందిగింజ లేదు కానీ సన్నటి ఉంగరంలా ముద్ద మొదలై ఉంది. తెలుపు, నీలం లోపల ఎలా ఉన్నాయో చూడాలంటే వాటినీ కొయ్యాలి. బాగున్న బ్రష్‌ని కోయడానికి మనసు ఒప్పలేదు. శాస్త్రవేత్తలు నన్ను క్షమించాలి.

తెల్లదానికి వేరే దెబ్బ తగిలింది. ఒక రాత్రి మడతపెట్టిన తువ్వాలు అంచుకి కొన ఆనుకుని పడుకుంది, తెల్లారేసరికి కొన పక్కకి వంగి అలాగే ఆరిపోయింది. శుభ్రమైన లిక్విడ్‌లో నానబెట్టి సరిచేశాను కానీ రెండు రోజులు అది ఎడమకే లాగేది. పడుకోబెడితే సరిపోదు, కొన గాల్లో ఉండాలి.

ఇప్పుడు సాయంత్రాలు ఇలా

చివరి కస్టమర్ వెళ్లాక ముగ్గురం పది నిమిషాలు బ్రష్‌ల దగ్గరే ఉంటాం. పని చేసిన గిన్నెలో మిగిలిన లిక్విడ్‌లో కడగం. అందులో పౌడర్ ఉంటుంది, రోజంతా చేరినది. శుభ్రమైన చిన్న గాజు గిన్నెలో కొత్తగా నాలుగు చుక్కలు పోసుకుంటాం. బ్రష్‌ని అందులో మెటల్ అంచు వరకూ ముంచి, నీళ్లలో చేప తోక ఆడించినట్టు మెల్లగా ఆడించి, నూగు రాలని వైప్ మీద మొదలు నుంచి కొన వైపుకే తిప్పుతూ లాగుతాం. మామూలు టిష్యూ వద్దు, దాని పీచు వెంట్రుకల్లో చిక్కుకుని అదే మర్నాడు గోరు మీద తేలుతుంది. వైప్ మీద పౌడర్ రంగు కనపడకుండా పోయేంత వరకూ మళ్లీ మళ్లీ. సాధారణంగా మూడు, నాలుగు సార్లు పడుతుంది. పింక్ పౌడర్ వాడిన రోజు ఇంకా ఎక్కువ. గ్లిట్టర్‌కి అసలు వేరే బ్రష్. గ్లిట్టర్ పట్టిన బ్రష్ తెల్ల గోళ్ల పనికి ఇక తిరిగి రాదు.

ఎక్కడైనా పూస గట్టిపడి ఇరుక్కుంటే పీకం. లిక్విడ్‌లో కొంతసేపు ఉంచి, మెత్తబడ్డాక నారింజ చెక్క పుల్లతో వెంట్రుకల దారినే తోస్తాం. గిన్నెలో బ్రష్‌ని నిలబెట్టి వదిలేస్తే కొన అడుగున ఆని వంగిపోతుంది కాబట్టి, పిడికి క్లిప్ పెట్టి గిన్నె అంచుకి వేలాడదీస్తాం. ఇది పెద్దమ్మాయి ఆలోచన.

మిగిలిన లిక్విడ్ సీసాలోకి తిరిగి పొయ్యడం పూర్తిగా మానేశాం. ఇంతకుముందు పోసేవాళ్లం, దాచడమెందుకు. వాడిన లిక్విడ్‌లో చేరిన పౌడర్‌తో సీసా మొత్తం నెమ్మదిగా చిక్కబడొచ్చు. సింక్‌లోనూ పొయ్యం. కాగితంలో పీల్చనిచ్చి, మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలో వేసి, రోజూ బయటికి పంపుతాం.

నిల్వ పెట్టెకి వచ్చిన కష్టం చెప్పాలి. కొన గాల్లో ఉండాలంటే పిడి కింద గాడి కావాలి. మొదట థర్మోకోల్ ముక్కకి గాళ్లు కోసి వాడాను. రెండు రోజుల్లో ఎలుక కొరికినట్టు గుంటలు. లిక్విడ్ చుక్కలు దాన్ని తినేశాయి. అప్పుడు గానీ నా స్టాండ్ అడుగు ఎందుకు మసకబారిందో తెలియలేదు, అదీ యాక్రిలికే కదా. చివరికి పూర్ణా మార్కెట్ వైపు పాత్రల కొట్లో గరిటెలు పెట్టుకునే పొడవాటి స్టీల్ డబ్బా, మూతతో దొరికింది. అందులో రెండు చెక్క పట్టీలు: పిడి చివర కింద ఎత్తుది, గొట్టం కింద పొట్టిది. బ్రష్ కొద్దిగా ముందుకి వాలి ఉంటుంది, కొన దేనికీ తగలదు. మూత వేస్తే ఫైలింగ్ దుమ్ము పడదు. డ్రిల్ మెషిన్ వాడే గదిలో ఆ దుమ్ము సన్నటి పిండిలా ఎక్కడికైనా చేరుతుంది.

కడిగాక కొనకి ఆకారం ఇచ్చి, కొద్దిగా లిక్విడ్ తడి ఉండగానే పెట్టెలో పెడతాం. పూర్తిగా పొడిగా పెడితే వెంట్రుకలు విచ్చుకుంటాయి. కొత్త బ్రష్‌తో వచ్చే ప్లాస్టిక్ గొట్టం మూతలు మాత్రం పారేశాను. తడి బ్రష్‌కి వాటిని తొడిగేటప్పుడు ఒక్క వెంట్రుక అంచుకి తగులుకుంటే చాలు, తెల్లారేసరికి వెనక్కి మడిచి ఉంటుంది.

పెట్టె ఎక్కడుండాలన్నది ఇంకో చర్చ. లిక్విడ్ ఆవిరి గాలి కంటే బరువు, తేలిగ్గా అంటుకుంటుంది. మా లిక్విడ్ సీసాల అరకి పక్కనే దేవుడి పటం, దాని ముందు సాయంత్రం దీపం, అగరొత్తులు! అన్నాళ్లూ ఏమీ కాకపోవడం సింహాచలం అప్పన్న దయే. ఇప్పుడు పటం షట్టర్ దగ్గరకి వెళ్లింది, సీసాలు, పెట్టె ఎదురు గోడ నీడలో ఉంటాయి. జెల్ (యూవీ వెలుతురుకి గట్టిపడే ఇంకో రకం పూత) బ్రష్‌లు వేరే డబ్బాలో, యూవీ ల్యాంప్‌కి దూరంగా. వాటి శత్రువు వేడి కాదు, వెలుతురు. ల్యాంప్ పక్కన మూత లేకుండా వదిలేస్తే కస్టమర్ చెయ్యి లోపలుండగానే పక్కన బ్రష్ కూడా క్యూర్ అయిపోతుంది. అలా ఒకటి పోగొట్టుకున్నాక అదీ నేర్చుకున్నాం.

వేళ్ల సంగతి

బ్రష్‌ల కోసం మొదలుపెట్టిన విచారణలో బయటపడినది ఇంకొకటి ఉంది. చిన్నమ్మాయి కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కొనల మీద చర్మం ఎర్రబడి పొట్టు లేస్తోంది. గిన్నెలు తోమే సబ్బు పడలేదేమో అనుకుంది. కడిగాక కొనకి ఆకారం ఇచ్చేది ఆ రెండు వేళ్లతోనే, ఒట్టి చేత్తో. నేనూ అంతే చేసేదాన్ని. కొందరు పెదవుల మధ్య పెట్టి కొన తీస్తారు, అది చూస్తే నాకు వణుకు.

దంత వైద్యురాలు వేళ్లు చూసి చర్మ వైద్యుల దగ్గరికి పంపించారు. మెథాక్రిలేట్‌లకి ఒకసారి అలర్జీ ఏర్పడితే సాధారణంగా అది జీవితాంతం ఉంటుందట. ఆ తర్వాత పళ్లకి ఫిల్లింగ్ పెట్టినా, ఎముకల ఆపరేషన్‌లో యాక్రిలిక్ సిమెంట్ వాడినా ఇబ్బంది రావొచ్చు. పని నేర్చుకున్న పిల్ల ఆ పనే చెయ్యలేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు కొనని వైప్ మడతలోనే తిప్పి తీస్తాం, చేతికి నైట్రైల్ గ్లౌజు ఉంటుంది. ఈ లిక్విడ్ గ్లౌజుల్లోంచి కూడా దిగుతుంది కాబట్టి, తడిసిన గ్లౌజు వెంటనే మారుస్తాం. నెల రోజులు ఆమెకి లిక్విడ్ పని ఇవ్వలేదు, ఫైలింగ్, పాలిష్ మాత్రమే. వేళ్లు తగ్గాయి. జీతం తగ్గించలేదని మా ఆయన అడక్కముందే చెప్పాను.

ఎంత మారింది

మిగిలిన చచ్చిన బ్రష్‌ల్లో రెండిట్ని శుభ్రమైన లిక్విడ్‌లో రాత్రంతా వేలాడదీసి చూశాను. ఒకటి సగం తేరుకుంది, దాన్ని గ్లిట్టర్‌కి ఇచ్చేశాం. రెండోదాని గొట్టంలో ముద్ద కదల్లేదు. పౌడర్ గిన్నె అంచులు దులుపుకోవడానికి మాత్రం పనికొస్తోంది.

శ్రావణంలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. నీలం చుక్క బ్రష్ అప్పటి నుంచి రోజూ పనిలోనే ఉంది, కార్తీకం దాటినా కొన ఒక్కటిగానే నిలుస్తోంది. తెలుపు పెద్దమ్మాయి వాడుతోంది. లేస్తున్న గోళ్లతో వెనక్కి వచ్చేవాళ్లు తగ్గారు. అదంతా బ్రష్ వల్లే అని నేను అనను, ప్రైమర్ కూడా మార్చాను కదా. కానీ క్యూటికల్ దగ్గర ఇప్పుడు అంచు కాగితంలా సన్నగా లాగగలుగుతున్నాను, అది నా చేతికి తెలుస్తోంది.

కార్తీకంలో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి సాయంత్రమే బ్రష్ తుడిచి, కొన పైకి పెట్టి పెన్నుల గ్లాసులో నిలబెట్టింది. నేను లేచేలోపే చిన్నమ్మాయి తీసేసింది. "ఇలగెడితే చచ్చిపోద్దే" అని సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి, అందులో దాచిన కోసిన గొట్టాన్ని దానికి చూపించింది.

నా మెరిసే స్టాండ్ పారెయ్యలేదు. ఫైళ్లూ, చెక్క పుల్లలూ అందులో పెడుతున్నాం. అడుగున మసక మచ్చ అలాగే ఉంది.